బడి కొళాయి నీళ్లు

సైన్సు టీచరు కోమలి ల్యాబ్‌లోకి అడుగు పెట్టేసరికి గిరిప్రసాద్ గాజు డిష్ మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు. చుట్టూ తొమ్మిదో తరగతి పిల్లలు మూగి ఉన్నారు. కొందరు ముక్కులు మూసుకుని నవ్వుతున్నారు.

"సార్, మూసేయండి! ముందు మూత పెట్టేయండి!"

అతను మూత పెట్టలేదు. "ఏంది మేడమ్, ఇంత గబ్బు కొడతా ఉండాది?" అంటూ జేబులోంచి పెన్ను తీసి, డిష్‌లో పేరుకున్న పసుపుపచ్చటి జిగురును పొడిచాడు. పెన్ను మొనకు అంటుకుని అది చీమిడిలా సాగింది. ఎదురుగా ఉన్న పిల్లవాడి ముక్కు కిందికి డిష్ తోశాడు. "సూడరా, వాసన సూడు. సైన్సంటే ఇట్లా ఉంటాది." పెన్నును బల్ల మీది గుడ్డకు తుడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ చేత్తోనే మీసం సర్దుకున్నాడు.

కోమలి డిష్‌ను అతని చేతిలోంచి లాక్కుని మూత పెట్టింది.

ఆ డిష్షులకు టేపు చుట్టించింది కోమలే. "ఒకసారి మూసినాక ఎవరూ తీయగూడదు. నేను పక్కన లేనిదే పెట్టె కూడా ముట్టుకోగూడదు," అని ఆ ప్రయోగం చేస్తున్న నిస్సీకి మరీ మరీ చెప్పింది. నిస్సీ మాట తప్పే పిల్ల కాదు. పెట్టెకు కాపలా ఉన్నట్టే రోజూ ల్యాబ్ తలుపు దగ్గరికి వచ్చి చూసిపోయేది. టేపు కోసింది గిరిప్రసాద్.

బంగారుపాళ్యం దాటి హైవే పక్కన మామిడి తోటల మధ్య ఉంది ఆ బడి. దాని కరస్పాండెంట్ యోగానందకు గిరిప్రసాద్ బావమరిది. అతను చదివింది సైన్సు కాదు. అయినా ఆ ఏడు అతన్ని సైన్స్ ఫెయిర్ కోఆర్డినేటర్ చేశారు. తిరుపతిలో మోడల్స్ అమ్మే అంగడి నుంచి అగ్నిపర్వతం, గాలిమర, లైట్లు వెలిగే సౌరకుటుంబం కొనుక్కొచ్చి పిల్లలకు పంచాడు. పక్కనే నిలబడి చెప్పాల్సిన నాలుగు ఇంగ్లీషు మాటలు కూడా కాగితాల మీద అచ్చువేయించి ఇచ్చాడు. పిల్లలు వాటిని బట్టీ పడుతున్నారు. సొంతంగా ఏదైనా చేసింది నిస్సీ ఒక్కతే.

నిస్సీ వాళ్ల నాయన పాల్ ఎండాకాలం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మిగతా కాలం యోగానంద వాళ్ల తోటల్లో మందు కొట్టడానికి, కొమ్మలు కత్తిరించడానికి పోతాడు. ఆ పిల్లకు ఏది చూసినా ఎందుకని అడగటం అలవాటు. "మిస్, నీళ్లు తెల్లగా ఉంటే మంచివని ఎట్లా చెప్పేది?" అని ఒకరోజు అడిగింది. అలా మొదలైంది. అంగట్లో జెల్లీ కోసం అమ్మే చైనా గ్రాస్‌ను మాంసం రసంలో ఉడికించి, డిష్షుల్లో పోసి గడ్డకట్టించారు. నీళ్లల్లో సూక్ష్మజీవులుంటే దాని మీద పెరిగి కంటికి కనిపిస్తాయి. ఊరి బస్టాండు కొళాయి నీళ్లు, నిస్సీ ఇంటి బోరు నీళ్లు, బడి కొళాయి నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు. ఒక్కోటి రెండేసి డిష్షుల్లో చుక్క చుక్కగా వేసి, మూసి, పేర్లు అంటించారు. ఆ సమయమంతా కోమలి పక్కనే ఉంది. చేతులకు తొడుగులు వేయించింది. అంతా అయ్యాక డిష్షులన్నిటినీ కుక్కర్లో ఉడికించి, బ్లీచింగ్ పోసి పారేయాలని, ఫెయిర్‌కు ఫోటోలు మాత్రమే తీసుకుపోవాలని ముందే చెప్పింది.

ఇప్పుడు కోమలి డిష్‌ను పక్కన పెట్టి పిల్లల వైపు తిరిగింది. "అందరూ పోయి చేతులు కడుక్కోండి. సబ్బుతో. పోండి!"

పిల్లలు వరండా చివరి కొళాయి దగ్గరికి పరుగెత్తారు. కోమలి డిష్ మీది పేరు చదివింది. నిస్సీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: బడి కొళాయి.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. "ఆగండి! ఆ నీళ్లు ముట్టుకోవద్దండి!"

అప్పటికే పిల్లలు చేతులు కడుక్కుంటున్నారు. చివర నిలబడిన ఒకడు దోసిలి పట్టి తాగుతున్నాడు.

*

పెట్టెలోని మిగతా డిష్షులకు చుట్టిన టేపు అలాగే ఉంది. బస్టాండు నీళ్ల డిష్‌లో అక్కడక్కడా తెల్లటి చుక్కలు కనిపించాయి. నిస్సీ ఇంటి బోరు నీళ్లదీ అంతే. కాచిన నీళ్ల డిష్ శుభ్రంగా ఉంది. బడి కొళాయి రెండో డిష్ మాత్రం మొదటి దానిలాగే పసుపు, ఆకుపచ్చ కలిసి ఉబ్బి, మూతకు అంటుకునేంతగా పెరిగి ఉంది.

కోమలి ఆయా మునెమ్మను పిలిచి, ఇద్దరూ మిద్దె ఎక్కారు. ట్యాంకుకు మూత లేదు. ఎప్పుడో గాలికి ఎగిరిపోయిందట. మీద ఒక రేకు ముక్క అడ్డం పెట్టి రాయి ఉంచారు. రేకు పక్కన సందులో పావురాల రెట్ట గట్టిపడి ఉంది. కోమలి రేకు జరిపింది. లోపలి నుంచి వచ్చిన వాసనకు మునెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

నీళ్ల మీద ఈకలు తేలుతున్నాయి. మూలగా ఒక పావురం, కాదు, రెండు. ఒకటి ఉబ్బి పొట్ట పైకి తేలి ఉంది. రెండోది ఎప్పుడు పడిందో, ముట్టుకుంటే విడిపోయేలా ఉంది. దాని మీద తెల్లటి పురుగులు కదులుతున్నాయి.

"అయ్యో దేవుడా! ఈ నీళ్లేనా మేడమ్ బిడ్డలు తాగతా ఉండేది?" అంది మునెమ్మ. "మొన్న మా మనవరాలికి కడుపునొప్పి అంటే బయట తిండి తిన్నావని నేనే తిట్టినాను గదా!"

మునెమ్మ బకెట్టు తెచ్చింది. కోమలి చీపురుకట్టతో ఆ రెండింటినీ దగ్గరికి లాగింది. రెండోది పైకి తీస్తుంటే సగం విడిపోయి మళ్లీ నీళ్లలో పడింది. కోమలి పిట్టగోడ పట్టుకుని వాంతి చేసుకుంది. నోరు పుక్కిలిద్దామంటే నీళ్లు ఎక్కడివి? అలాగే కొంగుతో తుడుచుకుని కిందికి దిగింది.

యోగానంద గదిలో ఏసీ చల్లగా ఉంది. మూలన నీళ్ల క్యాను ఉంది. ఆఫీసు వాళ్లంతా ఆ నీళ్లే తాగుతారు. ఆయన బకెట్టులోకి తొంగి చూసి తల తిప్పుకున్నాడు.

"దాన్ని ఈడికి తెచ్చినావెందుకమ్మా? తీసకపో, తీసకపో."

"సార్, ట్యాంకు ఖాళీ చేసి కడిగించాలి. అంతవరకు పిల్లలకు క్యాన్లు తెప్పించాలి. ఇండ్లలో కూడా చెప్పాల. కడుపునొప్పి, జ్వరం వచ్చినవాళ్లను డాక్టరుకు చూపించమని."

"పావురం పోయి నీళ్లల్లో పడితే నేనేం చేసేదమ్మా? తీసేసినారు గదా. బ్లీచింగ్ వేయిస్తాను. ఇండ్లలో చెప్పేదేముండాది? లేనిపోని రచ్చ." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ పాప ప్రాజెక్టు బాగుండాదని గిరి చెప్పినాడు. డిష్షులు చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటాదంట. ఒక పని చేయి. చెడ్డదానికి బస్టాండు నీళ్లని అంటించు. శుభ్రంగా ఉండేదానికి మన బడి పేరు పెట్టు. అయిపాయె."

కోమలి సరిగానే విన్నానా అన్నట్టు చూసింది. "శుభ్రంగా ఉండేది కాచిన నీళ్ల డిష్ సార్."

"ఏదో ఒక నీళ్లేలేమ్మా."

"నేను మార్చను. పిల్లతో మార్పించను."

"సరే," అన్నాడాయన, కోపం కూడా లేకుండా. "గైడ్ టీచరుగా గిరి ఉంటాడులే. నువ్వు ఆడపిల్లలకు తోడుగా చిత్తూరికి పోయి రా. అది చాలు."

ఆ సాయంత్రం కోమలి తన క్లాసులన్నిటిలో, రేపటి నుంచి ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోమని, కొళాయి ముట్టుకోవద్దని చెప్పింది. సెలవురోజు ట్యాంకు కడుగుతారని ఆశ పెట్టుకుంది. సోమవారం మళ్లీ మిద్దె ఎక్కింది. నీళ్ల మీద బ్లీచింగ్ పొడి ఉండలు కట్టి తేలుతోంది. దాని కింద, ట్యాంకు అడుగున, ఈకలు అలాగే ఉన్నాయి. ఒక ఎర్రటి కాలు కూడా.

*

చిత్తూరులో జిల్లా ఫెయిర్ ఒక పెద్ద బడి హాల్లో జరిగింది. వరసగా బల్లలు, ప్రతి బల్ల వెనక ఇస్త్రీ యూనిఫారంలో పిల్లలు, వాళ్ల వెనక పెద్దవాళ్లు. ఒక బల్ల దగ్గర తండ్రి వైర్లు బిగిస్తున్నాడు, కూతురు పక్కన కూర్చుని ఫోను చూస్తోంది. ఇంకోచోట ఒక సారు అగ్నిపర్వతంలో పొడి పోసి నిప్పు పెడుతున్నాడు. బూడిద ఎగిరి పిల్లల మొహాల మీద పడుతుంటే వాళ్లు దగ్గుతున్నారు. సారు మాత్రం కర్చీఫు కట్టుకున్నాడు.

ఆడపిల్లలను కూర్చోబెట్టి కోమలి నిస్సీ బల్ల దగ్గరికి వచ్చింది. ఫోటోలు కాదు, డిష్షులే ఉన్నాయి. ఉబ్బి మూతకు అంటుకున్న డిష్ మీద 'బస్టాండు నీళ్లు' అని అచ్చువేసిన కాగితం. శుభ్రమైన డిష్ మీద 'మా బడి నీళ్లు.'

"ఇదేంది నిస్సీ?"

నిస్సీ తల వంచుకుంది. "సార్ అంటించినారు మిస్."

"నువ్వు చూసింది ఏంది?"

ఆ పిల్ల బల్ల మీది గుడ్డ అంచు సర్దింది. "ప్రైజు వస్తే తిరుపతిలో పెద్ద ఫెయిర్‌కు పంపిస్తారంట మిస్. నాయనతో కూడా చెప్పేసినారు," అంది.

కోమలికి పిల్ల మీద కోపం రాలేదు. ఎవరు ఈ పిల్లకు ఇంత తేలిగ్గా ఇది నేర్పగలిగారో తెలుసు కాబట్టి, వాళ్ల తెలివి మీద రోత పుట్టింది.

అంతలో జడ్జి వచ్చాడు. కళ్లద్దాలు, మెడలో బ్యాడ్జి. నిస్సీ బట్టీ పట్టిన మాటలు గడగడా చెప్పింది. ఆయన విని, గిరిప్రసాద్‌ను అడిగాడు. "పాప ఈ పని చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉన్నారా?"

"నేనే సార్. పక్కనే ఉండి ప్రతీదీ నేనే చేయించినా."

"వీటిని చివరకు ఏం చేస్తారు?"

గిరిప్రసాద్ బల్ల పక్కనున్న బుట్ట వైపు చూశాడు. "చెత్తబుట్టలో వేసేస్తాం సార్. నీట్‌గా."

జడ్జి అతని మొహంలోకి చూశాడు. ఆయనకు అంతా అర్థమైందని కోమలికి తెలిసిపోయింది. ఆయన పెదవి చివర చిన్న నవ్వు కదిలింది. "సార్, ఒక్క మాట..." అని కోమలి ముందుకు వచ్చింది. ఆయన చేయి అడ్డం పెట్టి, "బాగుంది, బాగుంది" అంటూ ఏదో రాసుకుని అగ్నిపర్వతం వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి యోగానంద వచ్చాడు. వెంట లోకల్ ఛానల్ అబ్బాయి కెమెరాతో ఉన్నాడు. వాళ్ల వెనకాలే, తోటలో పని మానుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పాల్ వచ్చాడు. కూతుర్ని చూడటానికి కాస్త దూరంగా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

యోగానంద గట్టిగా, అందరికీ వినిపించేలా మాట్లాడాడు. బస్టాండు నీళ్లను చూడండి, మా బడి నీళ్లను చూడండి అన్నాడు. తర్వాత గిరిప్రసాద్ చేతిలోని సీసా అందుకుని నిస్సీకి ఇచ్చాడు. "మా కొళాయిలో పొద్దున్నే పట్టిన నీళ్లు. ఫిల్టరు లేదు, ఏమీ లేదు. తాగమ్మా, అందరూ సూడనీ."

నిస్సీ సీసా పట్టుకుంది. ట్యాంకులో ఏముందో బడిలో ఇప్పుడు తెలియని పిల్ల లేదు. మునెమ్మ ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోయింది. నిస్సీ కెమెరా వైపు చూసింది, దూరంగా నవ్వుతున్న నాయన వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా సీసా పెదవులకు ఆనించుకుని ఒక గుక్క నోట్లోకి తీసుకుంది. మింగలేదు. బుగ్గలు ఉబ్బించుకుని అలాగే నిలబడింది.

"మింగమ్మా," అన్నాడు గిరిప్రసాద్ పళ్ల మధ్య నుంచి. "మింగు, కెమెరా ఉండాది."

కోమలి బల్ల దాటుకుని వచ్చి సీసా లాక్కుంది. "ఊసెయ్. నిస్సీ, ఊసేయ్ అమ్మా!"

నిస్సీ బల్ల మీది తెల్లటి గుడ్డ మీదికే ఉమ్మేసింది. తర్వాత వంగి ఓకరించడం మొదలుపెట్టింది. కోమలి ఒక చేత్తో పిల్ల వీపు నిమురుతూ, రెండో చేత్తో సీసా యోగానంద ముందుకు చాచింది.

"మీరు తాగండి సార్."

ఆయన నవ్వాడు. "నాకిప్పుడు దాహం లేదమ్మా."

"ఒక్క గుక్క సార్. మీ బడి నీళ్లేగదా."

చుట్టుపక్కల బల్లల వాళ్లు ఇటు తిరిగారు. గిరిప్రసాద్ మెల్లగా రెండడుగులు వెనక్కి వేశాడు. పాల్ జనాన్ని తప్పించుకుని ముందుకు వచ్చాడు.

"ఏంది మేడమ్? ఆ నీళ్లల్లో ఏముండాది?"

కోమలి చెప్పింది. ట్యాంకు, పావురాలు, పురుగులు, ఈకలు, మార్చిన పేర్లు. గొంతు ఎత్తకుండా, ఒక్కటీ వదలకుండా చెప్పింది. పాల్ కూతురి మొహం వైపు చూశాడు. నిస్సీ కళ్లు తుడుచుకుంటూ, అవునన్నట్టు తల ఊపింది.

పాల్ కోమలి చేతిలోని సీసా తీసుకున్నాడు. వాసన చూశాడు. యోగానంద దగ్గరికి పోయి, వాళ్ల తోటల్లో ఏళ్ల తరబడి వంగి దండం పెట్టిన మనిషి, వంగకుండా సీసా చాచాడు.

"తాగు సార్."

"రేయ్, ఏంది నువ్వు..."

"నా బిడ్డ తాగింది గదా. నువ్వు తాగు."

యోగానంద సీసా వైపు కాకుండా కెమెరా వైపు చూశాడు. "ఆపప్పా దాన్ని," అన్నాడు ఛానల్ అబ్బాయితో. ఆ అబ్బాయి ఆపేశాడు. యోగానంద చొక్కా సర్దుకుని, ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నట్టు బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం బహుమతులు ప్రకటించారు. 'మన నీరు, మన ఆరోగ్యం' అనే నిస్సీ ప్రాజెక్టుకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. నిస్సీ అప్పటికే నాయనతో వెళ్లిపోయింది. గిరిప్రసాద్ స్టేజీ ఎక్కి, రెండు చేతులతో కప్పు అందుకుని, ఫోటోకు నవ్వాడు. హాలు ఖాళీ అయ్యాక కోమలి బల్ల మీద వదిలేసి పోయిన డిష్షులను తానే ఏరి, సంచిలో మూటకట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. కుక్కర్లో ఉడికించి, బ్లీచింగ్ పోసింది. ఆ కుక్కర్‌ను కూడా పారేసింది.

*

మరునాటి నుంచి రావద్దని కోమలికి ఫోను వచ్చింది. పాల్ ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఒక ఉదయం తల్లిదండ్రులు గేటు ముందు గుమిగూడారు. లోపలికి రానివ్వకపోతే మునెమ్మే లోపలి నుంచి గేటు తీసి, అందర్నీ మిద్దె మీదికి తీసుకుపోయింది. ఆ తర్వాత కొత్త ట్యాంకు వచ్చింది, ఫిల్టరు వచ్చింది. మునెమ్మ ఉద్యోగం పోయింది. ఛానల్‌లో ఏమీ రాలేదు.

నిస్సీ ఊళ్లోని ప్రభుత్వ బడికి మారింది. చాలా రోజులు గ్లాసు చేతికిస్తే వెలుతురులో పెట్టి చూసేది. చూసినా, సగం తాగి పక్కన పెట్టేది. "నేను ఆ పేర్లు మార్చేటప్పుడు వద్దని అనలేదు మిస్," అని ఒకసారి కోమలితో అంది. కోమలి, "పద్నాలుగేళ్ల పిల్లకు వద్దనే పని అప్పగించి పెద్దోళ్లు కూర్చున్నారు. అది నీది కాదు," అని మాత్రం చెప్పింది. నిస్సీకి అది చాల్లేదని ఆమెకు తెలుసు.

కోమలికి చిత్తూరులో ఒక బడిలో పని దొరికింది. బంగారుపాళ్యంలోనే గది ఉంచుకుని రోజూ బస్సులో పోయి వస్తోంది. ఎండలు ముదిరి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరిన రోజుల్లో హైవే మీద ఒక పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. 'స్వచ్ఛమైన నీరు, స్వచ్ఛమైన చదువు. అడ్మిషన్లు ప్రారంభం.' దాని మీద నిస్సీ బొమ్మ. సీసా పెదవులకు ఆనించుకుని ఉన్న క్షణం. కళ్లలో తిరిగిన నీళ్లను చెరిపేసి, ముఖానికి మెరుపు పెట్టారు.

పాల్ మామిడి కొమ్మలు కోసే కత్తి తీసుకుపోయి తాళ్లు తెగ్గోశాడు. గిరిప్రసాద్ బండి మీద వచ్చి, "అది మా స్కూలు ఫోటో, నీకేం హక్కుండాది?" అని అరిచాడు. పాల్ ఫ్లెక్సీని మడిచి చంకలో పెట్టుకుని, అతని వైపు చూడకుండా నడిచిపోయాడు.

కొన్నాళ్లకు అదే చోట ఇంకో ఫ్లెక్సీ కట్టారు. మాటలు అవే. ఈసారి ఇంకో అమ్మాయి నీళ్ల గ్లాసు పట్టుకుని నవ్వుతోంది. బస్సు కిటికీలోంచి చూసిన కోమలి ఆ పిల్లను గుర్తుపట్టింది. తాను ఏడో తరగతిలో పాఠం చెప్పిన భానుశ్రీ.

ఎవరి ముందు నిలబెట్టి, ఏం చెప్పి నవ్వించి తీశారో ఆ ఫోటో! ఆమె బస్టాండులో దిగి గదికి పోకుండా నేరుగా పాల్ ఇంటికి పోయింది.

"భానుశ్రీ వాళ్ల ఇల్లు యాడో తెలుసా నిస్సీ? వాళ్లమ్మతో మాట్లాడాల."

నిస్సీ చెప్పులు వేసుకుంది. "పదండి మిస్, నేనూ వస్తా."

భానుశ్రీ వాళ్ల ఇల్లు తోటల అవతల ఉంది. వాకిట్లో ఆ పిల్ల తల్లి మామిడికాయ ముక్కలు ఎండబెడుతోంది. కోమలిని చూసి లేచి, "రండి మిస్, సూసినారా మా పాప బొమ్మ? రోడ్డు మీద ఎంత పెద్దగా కట్టినారో!" అంది ఆనందంగా.

కోమలి చెప్పబోయేలోపే నిస్సీయే ముందుకు వచ్చింది.

"అక్కా, ఆడ ముందు ఉండింది నా బొమ్మ," అంది. "అది ఎట్లా తీసినారో చెప్తా, కూర్చో."